కొండల్లో పాత విమాన శకలాలు కనిపిస్తే: అక్కడ ఆగడం దగ్గర్నుంచి ఠాణాలో కాగితం ఇచ్చేదాకా

మూడేళ్ల కిందట జనవరిలో మేం అయిదుగురం ఒడిశా కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ వెనకవైపు వాలులో రోడ్డు వదిలేసి దిగుతున్నాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ముందు నడుస్తున్న మా బావమరిది ఒక్కసారిగా ఆగి "ఏటది?" అన్నాడు. పొదలో తెల్లటి పెట్టె, దానికి పొడుగాటి దారం, దారం చివర చిరిగి వేలాడుతున్న రబ్బరు తిత్తి. తర్వాత రెండు నిమిషాల్లో మేం చేసినవన్నీ తప్పులే. ఒకడు పెట్టె ఊపి చూశాడు, ఒకడు మూత పీకాడు, నేను దారం తెంపి చుట్టచుట్టి బ్యాగులో పడేసుకున్నాను, ఇంకొకడు సిగ్నల్ దొరగ్గానే "కోరాపుట్ కొండల్లో కూలిన విమానం" అని వీడియో పెట్టేశాడు. మేం కిందకి దిగేలోపు మా కాలనీలో ఒకావిడ, వాళ్లన్నయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడు, ఆ వీడియో చూసి ఏడుస్తూ నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది.

అది విమానం కాదు. వాతావరణ శాఖ వాళ్లు బెలూన్‌కి కట్టి వదిలే పరికరం. ఆ సాయంత్రం మా మావయ్య, సునాబేడలో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజిన్ డివిజన్‌లో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి, ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క మాటన్నారు: "అల్లుడూ, ఇది నిజంగా ఇమానమే అయ్యుంటే? నువ్వు తెంపేసింది ఎవరికో కావలసిన ఆధారమైతే?" అప్పట్నుంచి ఈ విషయం చదువుతూనే ఉన్నాను, ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. సునాబేడ, జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు పిల్లలు ఇప్పుడు దేవమాలి, మహేంద్రగిరితో ఆగట్లేదు. మనాలీ వెళ్తున్నారు, స్పితి వెళ్తున్నారు, అరుణాచల్ కూడా వెళ్తున్నారు. అక్కడ నిజంగానే దొరుకుతాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఎలా బయటపడతాయి

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, అస్సాం నుంచి చైనాలోని కున్మింగ్‌కి హిమాలయాల మీదుగా సరుకు మోసిన విమానాలు వందల్లో కూలిపోయాయి. ఆ దారికి పైలట్లు పెట్టుకున్న పేరు 'హంప్', అంటే మూపురం. ఆ శకలాలు చాలావరకు ఇంకా అరుణాచల్ అడవుల్లోనే ఉన్నాయి. 1944 జనవరి 25న ఎనిమిది మందితో మాయమైన ఒక అమెరికా బి-24 బాంబర్ 2006లో దొరికింది, అంటే అరవై రెండేళ్లకి. 2023లో పాసీఘాట్‌లో ఈ విమానాల కోసమే ఒక మ్యూజియం కూడా తెరిచారు.

మనవాళ్ల విమానాల సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ బయల్దేరిన వాయుసేన రవాణా విమానం, సోవియట్ తయారీ ఏఎన్-12, వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగి, హిమాచల్‌లోని రోహ్‌తాంగ్ కనుమ దగ్గర 102 మందితో కనిపించకుండా పోయింది. ముప్ఫయ్ అయిదేళ్లు ఏ జాడా లేదు. 2003లో లాహౌల్ వైపు ఢాకా గ్లేసియర్ మీద పర్వతారోహకులకి అవశేషాలు కనిపించాయి. 2018లో చంద్రభాగ-13 శిఖరం దారిలో చెత్త ఏరడానికి వెళ్లిన బృందానికి మరికొన్ని దొరికాయి. 2024 సెప్టెంబర్‌లో ఇంకో నలుగురి దేహాలు బయటపడ్డాయి. యాభయ్యారేళ్ల తర్వాత కొడుకు దేహం ఊరికొచ్చేసరికి తల్లిదండ్రులెవరూ మిగల్లేదు, కానీ తమ్ముళ్లూ మేనల్లుళ్లూ ఉన్నారు, వాళ్లు తీసుకెళ్లి అంత్యక్రియలు చేసుకున్నారు.

గ్లేసియర్ అంటే కదలని మంచుగడ్డ కాదు, చాలా నెమ్మదిగా జారే నది. పైన పడ్డ మంచు కింద ఉన్నదాన్ని నొక్కి గడ్డకట్టిస్తుంది, ఆ గడ్డ తనలో ఉన్నవాటితో సహా ఏటా కొంచెం కొంచెం కిందకి దిగుతుంది, అడుగున కరిగేచోట అన్నిటినీ వదిలేస్తుంది. 1947 ఆగస్టు 2న ఆండీస్ పర్వతాల్లో మాయమైన 'స్టార్ డస్ట్' అనే బ్రిటిష్ విమానం ఇలాగే యాభయ్యేళ్లు మంచులో ఉండిపోయి, 1998లో ఇద్దరు ఆరోహకులకి ఒక రోల్స్ రాయిస్ ఇంజిన్ రూపంలో కనిపించింది. కాబట్టి గ్లేసియర్ మీద మీకు ఏదైనా దొరికిందంటే విమానం కూలింది అక్కడ కాదు, పైనెక్కడో. వచ్చే ఏడాది ఆ ముక్క కూడా అదే చోట ఉండదు.

అడవి సంగతి వేరు. చెట్లు మూసేస్తాయి. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు, బయల్దేరిన టైమూ దారీ తెలిసి, అంతమంది వెతికినా పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించడానికి మర్నాటిదాకా పట్టింది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న ప్రతి తెలుగింటికీ ఆ టెన్షన్ గుర్తుంటుంది. మరి దారే తెలియని విమానమైతే ఎన్నేళ్లైనా పట్టొచ్చు.

1. బయల్దేరే ముందు

ఫోన్లో ఆ ప్రాంతం మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియక కొండ మీద ఫోన్ జేబులో పెట్టేస్తారు. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (చలికి పెన్ను రాయదు), పవర్ బ్యాంక్, విజిల్, రెండు జతల గ్లౌజులు, మెరిసే రంగు రిబ్బను ఒక చుట్ట. అంతే, దీనికోసం ప్రత్యేకంగా కొనాల్సిందేం లేదు.

ఊళ్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఇది మాత్రం తొందరపడకుండా చెయ్యాల్సిన పని. అరుణాచల్‌లో పరిశోధకులు "కనిపెట్టిన" విమానాల్లో చాలావాటి సంగతి అక్కడి వేటగాళ్లకి ముందే తెలుసు, అడిగినవాళ్లు లేరంతే. మన వైపు కూడా పరజా, గదబ, కొంధ్ గిరిజనుల ఊళ్లలో ముసలివాళ్లకి తెలియని గుట్ట ఉండదు. ఎవరింట్లోనైనా పాత రేకుముక్క ఏదైనా చూపిస్తే ఫొటో తీసుకోండి, ఎక్కడిదో అడగండి, కొనకండి. కొన్నారంటే వచ్చే వారానికి ఆ కొండ మీద మిగిలినవన్నీ తూకానికి వచ్చేస్తాయి.

2. కనిపించిన చోటే ఆగండి

ఏదైనా లోహం మెరిసిందనుకోండి, మీ ఒళ్లంతా పరిగెత్తమంటుంది. పరిగెత్తకండి. ఉన్నచోటే నిలబడి టైము చూసుకుని అందరినీ పిలవండి, ఎవరూ ముందుకెళ్లొద్దని చెప్పండి. ముప్ఫయ్ అడుగుల దూరం నుంచే ఒక్క ప్రశ్నకి జవాబు తేల్చుకోవాలి: ఇది పాతదా, ఇప్పుడే జరిగిందా?

కిరోసిన్ లాంటి వాసన, పొగ, వేడి, పచ్చిగా విరిగిన కొమ్మలు, తెల్లగా కనిపించే కొత్త చీలికలు ఉంటే అది పాతది కాదు. అప్పుడు ఈ వ్యాసమంతా పక్కన పెట్టేసి గట్టిగా అరవండి, విజిల్ ఊదండి, 112కి ఫోన్ చెయ్యండి. బతికున్నవాళ్లని బయటికి తీయడానికి శకలాలు కదపాల్సొస్తే కదపొచ్చు, నిబంధనలు కూడా దానికి ఒప్పుకుంటాయి. నారింజరంగు పెట్టె కనిపిస్తే అదే అందరూ బ్లాక్ బాక్స్ అనేది, దాన్ని ముట్టుకోకుండా ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి.

పాతదైతే ఇన్నేళ్లు ఆగింది, ఇంకో అరగంట ఆగగలదు. మూడు వేల మీటర్ల పైన ఉన్నారంటే ముందు మీ సంగతి చూసుకోండి. ఎవరికైనా తలనొప్పి, వాంతి, నడకలో తూలు ఉన్నాయా? మబ్బు పడుతోందా? వెనక్కి తిరగాల్సిన టైము దాటిందా? ఆత్రంలో ఇవన్నీ మర్చిపోతారు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా జీపీఎస్ పాయింట్ ఒకటి పెట్టుకుని, దూరం నుంచి రెండు ఫొటోలు తీసి దిగిపోండి. అది చాలు.

3. అసలది విమానమేనా?

మా అనుభవం చెప్పాను కదా. వాతావరణ శాఖ బెలూన్లు విశాఖపట్నం, జగ్దల్‌పూర్ లాంటి చోట్ల నుంచి పైకి వెళ్తాయి, పైన పగిలిపోయి పరికరం ఎక్కడో పడుతుంది. అరిచెయ్యంత తేలికపాటి పెట్టె, దారం, రబ్బరు: ఇవి మూడూ ఉంటే చాలావరకు అదే. హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వదిలే పరిశోధన బెలూన్లు చాలా పెద్దవి. నేల మీద పరుచుకున్న పల్చటి ప్లాస్టిక్, రంగు పారాచూట్, పెద్ద పెట్టె ఉంటాయి. తెలంగాణలోనూ, మహారాష్ట్ర వైపూ పడుతుంటాయి. పెట్టె మీద అడ్రసు, ఫోన్ నంబర్ రాసి ఉంటుంది, కబురు చేసినవాళ్లకి బహుమతి కూడా ఇస్తారు. లోపల హై వోల్టేజ్ ఉండొచ్చు కాబట్టి విప్పొద్దని వాళ్లే చెప్తారు.

ఇంకోటి, రాకెట్ ముక్కలు. 2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర ఆకాశంలో మండుతూ వెళ్లిన వెలుగుల్ని చాలామంది వీడియోలు తీశారు. ఆ రాత్రి చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరీలో దాదాపు మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న లోహపు చక్రం పడింది, చుట్టుపక్కల ఊళ్లలో గుండ్రటి ట్యాంకులు దొరికాయి. బల్లార్షా, చంద్రపూర్‌లో ఉన్న మన తెలుగువాళ్లు దాని గురించి రోజుల తరబడి చెప్పుకున్నారు. ఊరివాళ్లు పోలీసులకి చెప్పారు, ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి పరీక్షించారు, చైనా రాకెట్‌వని నిపుణులు తేల్చారు. అలాంటి ట్యాంకుల్లో విషపూరితమైన ఇంధనం మిగిలుండొచ్చు. గుండ్రటి బంతిలాంటిది ఏది కనిపించినా దగ్గరికి వెళ్లకండి.

విమానమైతే గుర్తులివి. రేకు అల్యూమినియం, కాబట్టి ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, బూడిదరంగులోకి మారి మీద తెల్లటి పొడి పడుతుంది. అంచుల వెంట వరసగా, కొలిచి పెట్టినట్టు రివెట్లు (రేకుల్ని కలిపి బిగించే మేకులు) ఉంటాయి. రేకు లోపలివైపు చూస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు పూత కనిపిస్తుంది. డాబా మీద వేసే రేకుకి ఆ రంగు ఉండదు. మావయ్య దగ్గర పాత శిక్షణ ముక్క ఒకటుంటే చేత్తో పట్టుకుని చూశాను. అరచెయ్యంత ముక్క, కాగితం బరువు, కానీ వంచబోతే వంగదు. రివెట్ తలలు రేకులో ఎంత సమంగా కూర్చున్నాయంటే గోరుతో తడిమినా తగలవు. ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ పొరపడరు.

4. ప్రమాదాలు

దీన్ని దాటేసి ఫొటోల దగ్గరికి వెళ్లిపోకండి, చదవండి.

యుద్ధకాలం నాటి విమానమైతే తూటాలు, బాంబులు ఉండొచ్చు. బి-24 లాంటి వాటిలో వాడినవి 12.7 మిల్లీమీటర్ల తూటాలు, ఒక్కోటి దాదాపు పద్నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది. ఎనభయ్యేళ్లు తడిసినా పేలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. యుద్ధ జెట్ విమానమైతే పైలట్ సీటు కింద పేలుడు మందు ఉంటుంది, పైలట్‌ని బయటికి విసిరేది అదే. విరిగిన సీటులో కూర్చుని ఫొటో దిగాలనుకోవడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. ఆక్సిజన్ సిలిండర్లు, మంటలార్పే సీసాలు ఇంకా ఒత్తిడితో ఉండొచ్చు.

పాత మీటర్ల ముళ్లు, అంకెలు చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ మెరుపు ఎప్పుడో పోయుంటుంది, రేడియం మాత్రం అలాగే ఉంటుంది. అద్దం పగిలిన మీటరుని చేత్తో తుడిచారంటే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. ఆకుపచ్చ పూతలో క్రోమియం ఉంటుంది, గోకొద్దు. కొత్త విమానాల్లో కార్బన్ ఫైబర్ కాలిపోయి ఉంటే గాలికి లేచే సన్నటి నూలు చర్మంలో దిగుతుంది.

రేకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి. డొల్లగా మిగిలిన భాగాల్లో పాములు, కందిరీగలు కాపురం పెడతాయి. గ్లేసియర్ మీదైతే శకలాల చుట్టూ మంచు గుల్లబారి ఉంటుంది, తాడు లేకుండా అడుగెయ్యకండి.

మన కోరాపుట్, మల్కన్‌గిరి కొండలకి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడ అడవిలో గుర్తు తెలియని టిఫిన్ డబ్బా, కొత్త వైరు, తవ్వి పూడ్చిన మట్టి కనిపిస్తే అది విమానం ముక్క అనుకోవద్దు, మందుపాతర కావచ్చు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి తిరిగి, దూరం వెళ్లాక పోలీసులకి చెప్పండి.

5. ఫొటోలు, చోటు

ముందు చోటు. ఫోన్లో జీపీఎస్ తెరిచి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, అంకె స్థిరపడాలి. దశాంశం తర్వాత అయిదు అంకెలు రాసుకోండి, అప్పుడు చోటు మీటరు తేడాలో తెలుస్తుంది. రెండే రాస్తే కిలోమీటరు తేడా వస్తుంది, కొండల్లో కిలోమీటరంటే ఒక రోజు. నోట్‌బుక్‌లో కూడా రాయండి, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. ఎత్తు, టైము, ఏ వైపు వాలు, దగ్గర్లో వాగో పెద్ద బండో ఉందా, ఇవి మాటల్లో రాయండి. దారి గుర్తుకి రిబ్బను కట్టాలంటే చెట్టుకి కట్టండి, శకలాలకి కాదు.

తర్వాత ఫొటోలు. దూరం నుంచి నాలుగు వైపులా, కొండ వాలు కూడా పడేలా. ఆపైన ఒక్కో ముక్కనీ ఎలా పడుందో అలాగే, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి. దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు, ఎక్కడ ఎవరు చూసినా సైజు తెలిసిపోతుంది. పెద్దవాటికి నీళ్ల సీసా పక్కన పెట్టండి. ఒకే దారిలో వెళ్లి అదే దారిలో వెనక్కి రండి. ముక్క తిరగేసి కింద ఏముందో చూడాలనిపిస్తుంది, చూడకండి. ఏ ముక్క ఎటు తిరిగి ఎంత దూరంలో పడిందన్న దాన్ని బట్టే విమానం ఏ కోణంలో తగిలిందో చెప్పగలుగుతారు. ప్రొపెల్లర్ రెక్కలు ఎలా వంగాయో చూసి, తగిలేటప్పుడు ఇంజిన్ తిరుగుతోందో లేదో చెప్తారు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, అందులో దాగుండే లొకేషన్ వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ ఫోన్లోంచి తీసెయ్యకండి.

6. నంబర్లు వెతకండి

మావయ్య ఎక్కువసేపు చెప్పింది దీని గురించే. ఆయన జీవితమంతా మిగ్ యుద్ధ విమానాల ఇంజిన్ల మధ్య గడిచింది. "నంబర్ లేని ముక్క ఇమానంలో ఉండదు అల్లుడూ. చిన్న పైపుకీ ఉంటాది, బోల్టుకీ ఉంటాది. పేరు చెరిగిపోయినా నంబర్ నిలబడతాది" అన్నారు. నంబర్‌ని రికార్డుల్లో వెతికితే ఏ ఫ్యాక్టరీ, ఏ విమానం, ఆ రోజు అందులో ఎవరెవరున్నారు అనేదాకా దారి దొరుకుతుంది.

ఎక్కడ చూడాలంటే: ఇంజిన్ మీద బిగించిన చిన్న రేకు పలక, తలుపు చట్రం, చక్రం కాలు, ప్రొపెల్లర్ మధ్య భాగం. అక్షరాలు అరిగిపోయి ఉంటే గోకొద్దు, నీళ్లు కూడా పొయ్యొద్దు. టార్చిని పక్క నుంచి, నేలకి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. లోతుగా కొట్టిన అంకె నీడ పడి పైకి లేస్తుంది. అలా మూడు నాలుగు వైపుల నుంచి వెలుగు పట్టి ఫొటోలు తియ్యండి. మా ఇంటి వరండాలో, కరెంటు పోయిన ఒక సాయంత్రం, నేను ఏమీ కనిపించట్లేదన్న పాత పలక మీద ఆయన టార్చి పక్కకి వంచగానే ఏడు అంకెలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

అంకెలు దొరక్కపోయినా ఇంజిన్ చాలా చెప్తుంది. మధ్యలోంచి చుట్టూ పువ్వు రేకుల్లా సిలిండర్లు ఉంటే పాతకాలం ఇంజిన్. వాటిని లెక్కపెట్టండి. రెండు వరసల్లో ఏడేసి, మొత్తం 14 ఉంటే డకోటా రవాణా విమానం, బి-24 లాంటివి వాడిన రకం కావచ్చు. తొమ్మిదేసి 18 ఉంటే హంప్ మీద తిరిగిన సి-46 లాంటి పెద్దది కావచ్చు. రష్యన్ అక్షరాలు కనిపిస్తే ఏఎన్ రకం గుర్తుకు తెచ్చుకోండి. రెక్క మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల వలయం ఉంటే మన వాయుసేన, తెల్ల నక్షత్రం ఉంటే అమెరికా. 'వీటీ' అక్షరాలతో మొదలయ్యే పేరైతే భారత్‌లో నమోదైన పౌర విమానం.

7. మనుషుల ఆనవాళ్లు

ఎముక, బూటు, చొక్కా గుండీ, వాచీ, గుర్తింపు కార్డు. వీటిలో ఏది కనిపించినా అక్కడితో మీ వెతుకులాట ఆపెయ్యండి. జంతువుదా మనిషిదా అని తేల్చే పని మీది కాదు. ఒకే ఒక్క ఫొటో, దూరం నుంచి, చోటు కోసం. ముఖం, దేహం దగ్గరగా తియ్యొద్దు. చెప్పులు విప్పి నిమిషం నిలబడాలనిపిస్తే నిలబడండి, మేమైతే నిలబడతాం. పూలు, కుంకుమ, అగరబత్తి మాత్రం పెట్టొద్దు. పోయినవాళ్లది ఏ మతమో మనకి తెలియదు, పైగా పరీక్షకి అడ్డవుతాయి.

చిన్న వస్తువుని తీసిపారెయ్యొద్దు. అమెరికా సాహసికుడు స్టీవ్ ఫాసెట్ 2007 సెప్టెంబర్ 3న చిన్న విమానంలో వెళ్లి మాయమయ్యాడు. ఎంత వెతికినా దొరకలేదు. ఏడాది తర్వాత కాలిఫోర్నియా కొండల్లో నడుస్తున్న ఒకతనికి నేల మీద మూడు కార్డులు, వెయ్యి డాలర్ల పైచిలుకు నోట్లు కనిపించాయి. చుట్టుపక్కల విమానమేమీ లేదు. అతను వాటిని పోలీసులకిచ్చాడు, రెండు మూడు రోజుల్లోనే కొంత దూరంలో శకలాలు దొరికాయి. తర్వాత దొరికిన ఎముకలు ఆయనవేనని డీఎన్ఏ తేల్చింది. నోట్లు జేబులో పెట్టుకుని కార్డులు పారేసి ఉంటే ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ ఎదురుచూస్తూ ఉండేవాళ్లేమో.

8. చేతులు ఖాళీగా దిగండి

బోల్టు కూడా తేవొద్దు. "యుద్ధం నాటిదే కదా, ఎవరిదీ కాదు కదా" అంటారు. కాదు. సైనిక విమానం ఎంత పాతదైనా ఆయా ప్రభుత్వాలు తమదనే అంటాయి. చనిపోయినవాళ్ల దగ్గరున్న వస్తువుని సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 315 సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అభయారణ్యంలో అయితే అటవీ చట్టాలు వేరే ఉన్నాయి.

నిజాయితీకి ఫలితం దక్కిన కథ కూడా ఒకటుంది. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా 'కాంచనజంగ' విమానం ఫ్రాన్స్‌లోని మాంట్ బ్లాంక్ కొండని ఢీకొట్టి 117 మంది చనిపోయారు, హోమీ భాభా గారు అందులోనే ఉన్నారు. 2012లో అక్కడి మంచులోంచి మన విదేశాంగ శాఖ టపా సంచి బయటపడింది. 2013లో ఒక కుర్రాడికి పెట్టె దొరికింది, అందులో పచ్చలు, కెంపులు, నీలాలు. అతను తిన్నగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాడు. వారసుల కోసం ఎనిమిదేళ్లు చూసి, 2021లో సగం అతనికీ సగం ఆ కొండ కింద ఉన్న షమొనీ ఊరికీ ఇచ్చారు, చెరో లక్షన్నర యూరోల విలువ. ఇండియాలో నియమాలు వేరు కాబట్టి మీరు పెట్టెని కూడా ఎత్తొద్దు, ఫొటో తీసి చెప్పండి చాలు.

9. ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

ఆ ప్రాంతం పోలీస్ స్టేషన్‌కి, మొదటి రోజే. తొందరైతే 112. ఒడిశాలో ఠాణా అధికారిని ఐఐసీ అంటారు, ఆంధ్రలో సీఐ అన్నట్టు. నోటి మాటగా చెప్పి వచ్చెయ్యకండి. మనలో చాలామందికి ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. మొహమాటపడకుండా ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి ఇవ్వండి: ఎవరెవరం, ఏ తేదీ, ఏ టైము, ఏ చోటు, ఏం చూశాం, ఏం ముట్టుకున్నాం. ముట్టుకున్నది దాచొద్దు. మీ చెయ్యి తగిలిందని ముందే తెలిస్తే వాళ్లకి పని సులువవుతుంది. స్టేషన్ డైరీ ఎంట్రీ నంబర్ అడిగి తీసుకోండి. కాపీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఒకటి, కలెక్టర్ ఆఫీసుకి ఒకటి.

మా పెట్టె సంగతి చెప్పడానికి ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడివాళ్లు "చెత్తలో పడెయ్యండి" అన్నారు. విసుగు పుట్టింది. అలాంటప్పుడు ఇంకో తలుపు తట్టాలి. హిమాలయాల్లో అయితే దారిలో ఉన్న ఐటీబీపీ (సరిహద్దు కాపలా దళం) లేదా ఆర్మీ పోస్టులో చెప్పండి, వాళ్లకి ఈ విషయం బాగా తెలుసు. కొత్త పౌర విమాన ప్రమాదాల దర్యాప్తు ఏఏఐబీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది. అమెరికా యుద్ధ విమానంలా కనిపిస్తే, తప్పిపోయిన సైనికుల్ని వెతికే డీపీఏఏ అనే సంస్థ ఆ దేశ రక్షణ శాఖలో ఉంది. అయినా ముందు మన పోలీసులకి, తర్వాతే వాళ్లకి.

10. ఫోన్ జేబులో పెట్టండి

వీడియో పెట్టొద్దు, స్టేటస్ పెట్టొద్దు, గ్రూపులో లొకేషన్ అసలే వద్దు. లొకేషన్ బయటికెళ్తే వారంలో పాత ఇనుము కొనేవాళ్లు వెళ్తారు, వాళ్ల వెనక సెల్ఫీలకి వెళ్తారు. ఇంకోటి, నంబర్‌తో సహా ఫొటో పెట్టారనుకోండి, ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో దాన్ని చూసి తమ నాన్న విమానమని గుర్తుపడతారు. ఆ కబురు వాళ్లకి ఎవరైనా ఇంటికొచ్చి, కూర్చుని చెప్పాలి. మా కాలనీ ఆవిడ ఆ రోజు ఫోన్లో "మా అన్నయ్యది కాదు కదా, చూసి చెప్పు బాబూ" అన్న గొంతు నాకింకా గుర్తే. గుర్తింపు పూర్తయి, ఇంటివాళ్లకి కబురు వెళ్లాక అధికారులే చెప్తారు. అప్పుడు మీరూ రాయొచ్చు.

11. ఆ తర్వాత

నెలల పాటు ఏ కబురూ రాకపోవచ్చు. స్పితి, లాహౌల్ వైపు మంచు కరిగే రెండు మూడు నెలల్లోనే బృందాలు వెళ్లగలవు, ఈ ఏడాది చెప్పింది వచ్చే ఏడాది చూస్తారు. దారి చూపించమని పిలిస్తే వెళ్లండి, జీపీఎస్ అంకెలున్నా నడిచినవాళ్ల కాళ్లకి తెలిసింది వేరు. నోట్‌బుక్, అసలు ఫొటోలు, డైరీ నంబర్ ఒకే కవర్లో పెట్టి ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఆ కవరు మావయ్య బీరువాలో, ఆయన హెచ్‌ఏఎల్ సర్వీసు కాగితాల పక్కన ఉంటుంది. నేను తెంపిన ఆ దారం చుట్ట కూడా అందులోనే ఉంది.